శనివారం బిళ్ల

ఇనుప కొండ కింద ఉన్న కిరందులులో ఖనిజం ల్యాబు గుమ్మం తొక్కి "సాంపిల్" అన్నామంటే, ఎన్ని సంచులు, ఏ బండివి అని అడుగుతారే తప్ప ఇంకో మాట రాదు. అక్కడ సాంపిల్ అంటే వ్యాగన్ మీదికెక్కి పారతో తీసిన ఎర్ర రాయి. దాన్ని ఎండబెట్టి, నూరి, జల్లెడ పట్టి, ఇందులో ఇనుము ఎంత అని తేల్చి కంప్యూటర్లో ఎక్కించడమే ఆ ల్యాబు పని. కంప్యూటర్ పుస్తకాలు రాసేవాళ్లకి మాత్రం సాంపిల్ అంటే ఉత్తుత్తిది, నేర్చుకునేవాళ్లు పాడు చేసుకోడానికి ఇచ్చేది. చిన్నమ్మికి ఈ రెండు అర్థాలూ తెలుసు. రెండూ ఒకే మిషనులో ఒకే పేరుతో కూర్చుంటాయని మాత్రం 2008 జూలైలో ఆ బుధవారం పొద్దున్న దాకా తెలియదు.

చిన్నమ్మికి ఇరవై ఆరేళ్లు. వాళ్ల నాన్న పైడయ్య విజయనగరం దగ్గరి పల్లె నుంచి వచ్చి, కిరందులు లైనులో పాయింట్స్‌మన్‌గా ముప్పై ఏళ్లు ఖనిజం బండ్లకి జెండా ఊపి రిటైరయ్యాడు. చిన్నమ్మి ల్యాబులో నాలుగేళ్లు రాళ్లు నూరే గదిలో పనిచేసింది. ఆ గదిలో పనిచేసినవాళ్లు తలంటుకుంటే నీళ్లు ఎర్రగా పోతాయి. ఎన్నిసార్లు పోసుకున్నా ఎర్రగానే పోతాయి. ఆర్నెల్ల కిందట ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు, అదీ తాత్కాలికంగా. రాయపూర్ నుంచి పెద్ద మేడం ఆ బుధవారం పదకొండింటికి వచ్చి, ఆపరేటరు ఉద్యోగం ఈ పిల్లకే ఖాయం చేయాలా, బయటి నుంచి మనిషిని తెచ్చుకుని ఈమెను మళ్లీ నూరే గదికి పంపాలా అన్నది తేల్చబోతున్నారు.

అందుకే ఎనిమిదింటికే వచ్చి, టౌన్‌షిప్‌లో ఆదివారం క్లాసులో ఇచ్చిన హిందీ పుస్తకం తెరిచింది. మేడం ఏదైనా అడిగితే నోరు వెళ్లబెట్టకూడదని ఆమె పంతం. పదకొండో పాఠం: బ్యాకప్ ఫైలు నుంచి సాంపిల్ డేటాబేసును తిరిగి తెచ్చుకోవడం. పుస్తకంతో వచ్చిన సీడీ వేసి, చెప్పింది చెప్పినట్టు నొక్కుకుంటూ పోయింది. సాంపిల్ అనే డేటాబేసు ఇప్పటికే ఉంది, దాని మీదే వేయమంటారా అని మిషను అడిగింది. పాపం, దాని ధర్మం అది నెరవేర్చింది. ఇంతకు ముందు ఎవరైనా అభ్యాసం చేసి ఉంటే అలా అడుగుతుంది, అవునని నొక్కండి అని పుస్తకం భరోసా ఇచ్చింది. నొక్కింది. పని విజయవంతంగా పూర్తయిందని తెర మీద వచ్చింది. చిన్నమ్మి పొంగిపోయి పాఠం పక్కన పెన్సిల్‌తో టిక్కు కూడా పెట్టుకుంది.

ఎనిమిదిన్నరకి మేనేజరు పాణిగ్రాహి సార్ వచ్చాడు. జగదల్‌పూర్ మనిషి, కేకలెక్కువ, కోపం తక్కువ. గదిలోకి వెళ్తూనే దేవుడి పటానికి దండం పెట్టడం, కంప్యూటర్లో ల్యాబు రిజిస్టరు తెరిచి పెట్టడం ఆయన అలవాట్లు. రెండూ కళ్లు మూసుకునే చేస్తాడు. ఆ రోజూ తెరిచి, దాని మొహం కూడా చూడకుండా గదికి తాళం వేసి, మేడంని తీసుకురావడానికి బచేలీ గెస్ట్‌హౌస్‌కి జీపులో వెళ్లిపోయాడు.

తొమ్మిదింటికి మొదటి సంచి ఫలితం ఎక్కిద్దామని చిన్నమ్మి తన కంప్యూటర్లో రిజిస్టరు తెరిస్తే, ఎర్ర అక్షరాలతో గొడవ పెట్టింది. డేటాబేసు లోపలికి వెళ్లి చూసింది. ఇనుము లేదు, తేమ లేదు, వ్యాగన్ నంబర్లు లేవు. లిస్బన్ అనే ఊళ్లో ఆంటోనియో అనే ఆయన పన్నెండు గొడుగులు కొన్నాడు. ఆయన పక్కింటావిడ బిస్కెట్లు కొంది. కిందికి జరిపే కొద్దీ గొడుగులే.

ఆరేళ్ల కిందట ఆ ల్యాబులో కంప్యూటర్ పెట్టి వెళ్లిన మహానుభావుడెవరో, లోపల ఉండేవి సాంపిళ్లే కదా అని డేటాబేసుకి సాంపిల్ అని పేరు పెట్టాడు. పైకి ఎక్కడా కనిపించని పేరు. కొండ దిగిన ప్రతి బండి వివరమూ దాని కిందే ఉంది. ఆరేళ్ల కొండ మీద పుస్తకం వాళ్ల లిస్బన్ గొడుగులు కప్పేసింది చిన్నమ్మి. ఏడుపు రాలేదు, నూరే గది వాసన మాత్రం ముక్కుకి తగిలింది.

అప్పుడే హడ్మా భుజాన సంచులతో లోపలికి వచ్చాడు. వ్యాగన్లెక్కి సాంపిళ్లు తీసేది అతనే. కొంటా దగ్గరి మరైగూడ నుంచి వచ్చిన దోర్ల తెగ మనిషి, యాభై దాటాడు. ఆమెను చూసి సంచులు దించాడు.

"ఏంది బిడ్డా, మొకం గట్ల పెట్టినవ్? ఎవలన్న ఏమన్న అన్నరా?"

"నేనే సేసుకున్నాను మామా. అన్నీ పోనాయి. ఆరేళ్లవీ పోనాయి."

"యాడికి పోతయ్? రాళ్లన్నీ స్టోర్లనే ఉన్నయ్ గదా."

"రాళ్లున్నాయి. రాతలు పోనాయి."

హడ్మా తెర వంకా, ఆమె వంకా చూశాడు. "మరి శనారం శనారం ఇంటికి అద్దం బిళ్లలు కొంటవోతవ్ గదా. అవేంది?"

చిన్నమ్మి లేచి నిలబడింది. ప్రతి శనివారం సాయంత్రం డేటాబేసు మొత్తాన్ని సీడీలోకి ఎక్కించడం ఆమె పనుల్లో ఒకటి. ల్యాబులో ఉంచితే ఎర్ర దుమ్ము గీరి పాడు చేస్తోందని ఇంటికి తీసుకెళ్లి నాన్నకి ఇస్తోంది. అంత పెద్ద సంగతి భయంలో తట్టనే లేదు. హడ్మా సైకిలు తీసుకుని ఒక్క ఊపున తొక్కింది.

వాళ్లిల్లు స్టేషను వెనక. పైడయ్య అరుగు మీద కూర్చుని రేడియో విప్పి చూస్తున్నాడు.

"ఏటే అమ్మీ, ఈ ఏలప్పుడొచ్చినావు? ఒంట్లో బాగోలేదేటి?"

"మొన్న శనివారం బిళ్ల కావాలి నాన్నా. బేగి ఇయ్యి."

పైడయ్య బేగి ఇచ్చే రకం కాదు. మంచం కింద నుంచి రేకు పెట్టె లాగాడు. అందులో సీడీలు కవర్లలో వరసగా నిలబడి ఉంటాయి. వాటి పక్కన ఓ పొడుగాటి నోటుబుక్కు. ఆమె మొదటిసారి బ్యాకప్ అని తెచ్చి ఇచ్చినప్పుడు, "అప్ అంటే అప్ బండేనా? ఎనక్కొచ్చే అప్ బండి ఏటే?" అని పగలబడి నవ్వాడు. నవ్వాక మాత్రం నోటుబుక్కులో స్టేషన్లో రాసినట్టే గీతలు కొట్టాడు. బండి పేరు, వచ్చిన టైము, వెళ్లిన టైము, ఆఖరి గడిలో లైన్ క్లియర్. అప్పట్నుంచీ ప్రతి సీడీ ఆయనకి ఒక బండే.

"శనివారం బ్యాకప్పు. సాయంత్రం ఆరూ పదికి వచ్చింది, రైటు టైము" అని కవరు ఆమె చేతిలో పెట్టి, గోడ గడియారం చూశాడు. "ఎల్తున్నది తొమ్మిదీ ఇరవై ఎనిమిది." రాసుకున్నాడు. ఆఖరి గడి దగ్గర పెన్ను ఆపాడు.

"ఎదర స్టేషనుకి తెలుసేటి?"

"ఏ స్టేషను నాన్నా?"

"ఈ బండి వస్తున్నాదని మీ సారుకి సెప్పినావేటి?"

చిన్నమ్మి చెప్పుల వంక చూసుకుంది. "పదకొండింటికి మేడమ్ము వస్తాది. ఈలోగా పెట్టీస్తాను. ఎవలికీ తెలీదు."

పైడయ్య తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకే అనిపించింది. రెండు స్టేషన్ల మధ్య ఉండే ఒంటి లైను ముక్క, బ్లాకు అంటారు దాన్ని, అందులోకి బండిని వదలాలంటే ముందు ఎదుటి స్టేషనుకి గంట కొట్టి అడగాలి. లైను ఖాళీగా ఉందని అవతలివాడు చెప్పాలి. దాన్నే లైన్ క్లియర్ అంటారు. అది రాకుండా జెండా ఊపినవాడి పేరు ఆ ఇంట్లో అన్నం తినేటప్పుడు ఎత్తేవారు కాదు. చిన్నమ్మి బడికి వెళ్లక ముందే ఈ సంగతి నేర్చుకుంది.

"బ్లాకులో ఏటున్నాదో సూసుకో మరి" అన్నాడు పైడయ్య. ఆఖరి గడి ఖాళీగానే వదిలి నోటుబుక్కు మూసేశాడు.

ల్యాబుకి తిరిగొచ్చేసరికి పది కావస్తోంది. సీడీ తుడిచి వేసింది. ఫైలు ఉంది, తేదీ శనివారానిదే. ఈసారి తెర మీద ప్రతి మాటా రెండుసార్లు చదివి నొక్కింది. మిషను ఒప్పుకోలేదు. ఈ డేటాబేసు వాడుకలో ఉంది, ఖాళీ అయితే తప్ప కుదరదు అంది. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే మాట. పొద్దున్న ముంచేటప్పుడు ఒక్క మాటకే ఒప్పుకున్న మిషను, తేల్చమంటే నీలుగుతోంది.

ఎవరు వాడుతున్నారని వెతికితే ఒకే ఒక్క పేరు కనిపించింది. పాణిగ్రాహి సార్ గదిలోని కంప్యూటర్. పొద్దున్న ఆమె పాఠం చేసేటప్పటికి ఆయన రాలేదు, లైను ఖాళీగా ఉంది. ఆ తర్వాత ఆయన వచ్చి రిజిస్టరు తెరిచి వదిలేశాడు. గదికి తాళం.

సంగతి విని హడ్మా గోడకున్న చిన్న డబ్బా చూపించాడు. అందులోంచి నీలం తీగలు బయలుదేరి గదుల్లోకి వెళ్తాయి. "సారు గదిలకు పొయ్యేది గిదే గదా. పీకు. అయినంక మళ్ల పెట్టు. సారుకేం ఎరుక?" మంచి మనసుతోనే అన్నాడు.

చిన్నమ్మి తీగ పట్టుకుంది. రెండు వేళ్లతో నొక్కితే ఊడి వస్తుంది. అయిదు నిమిషాల పని. అప్పుడు తట్టింది ఇంకో సంగతి: ఈ సీడీలో ఉన్నది శనివారం వరకే. ఆది, సోమ, మంగళవారాలవి నలభై ఒక్క సాంపిళ్లు ఇందులో లేవు. మిషనే తినేసిందని చెప్పొచ్చు. మిషన్లు తింటాయని అందరూ నమ్ముతారు. ఒక్క అబద్ధం ఆడేస్తే ఉద్యోగం ఖాయం, నూరే గది పీడ విరగడ.

బ్లాకులో ఏటున్నాదో సూసుకో మరి. నాన్న ఖాళీగా వదిలిన గడి కళ్లకి కట్టింది. బ్లాకులో ఉన్నది సార్ కంప్యూటర్ అనుకుంది ఇందాకటి దాకా. కాదు, సారే ఉన్నాడు. రేపట్నుంచి పొద్దున్నే వచ్చి, దండం పెట్టుకుని, ఈమె ఎక్కించిన అంకెలని నమ్మి సంతకం పెట్టే మనిషి. తీగ పీకడమంటే ఆయనకి తెలియకుండా ఆయన మీదికే బండి వదలడం. చిన్నమ్మి తీగ వదిలేసింది. ఫోన్ తీసి సార్‌కి హిందీలో ఒక్క గుక్కలో చెప్పేసింది.

"సార్, చిన్నమ్మిని. పెద్ద తప్పు చేశాను. నేర్చుకుంటూ మన డేటాబేసు మీద పుస్తకంలోది వేసేశాను. ఆరేళ్లవీ పోయాయి. శనివారం వరకు నా దగ్గర సీడీలో ఉంది. పెడతాను. మీ కంప్యూటర్ లోపల ఉంది సార్, అది బయటికొస్తేనే కుదురుతుంది. మీరు సరే అంటేనే చేస్తాను."

పాణిగ్రాహి సార్ కేక గదిలో హడ్మాకి కూడా వినిపించింది. "ఆరేళ్లు చిన్నమ్మీ! ఆరేళ్లు!" ఆమె ఫోన్ దూరం పెట్టలేదు. పడాల్సినవే కదా అని చెవికి ఆనించుకునే పడింది. కేకలయ్యాక ఆయన గొంతు తగ్గించాడు.

"రెండో తాళంచెవి స్టోరులో మేకుకి ఉంటుంది, హడ్మాకి తెలుసు. తెరిచి నా కంప్యూటర్లో రిజిస్టరు మూసేయ్. బల్ల మీద నీలం ఫైలు ఉంటుంది చూడు. మేడంకి చూపిద్దామని నిన్న రాత్రి ఇంటికెళ్లే ముందు ఈ వారానివన్నీ ప్రింటు తీశాను. ఆదివారం నుంచి నిన్నటి దాకా అందులో ఉన్నాయి." గొంతు ఇంకా తగ్గించాడు. "మేడం టీ తాగుతున్నారు. ఇంకో కప్పు తాగిస్తాను."

చిన్నమ్మికి అప్పుడొచ్చింది ఏడుపు. తీగే పీకి ఉంటే ఆ నీలం ఫైలు సంగతి ఆమెకి తెలిసేదే కాదు.

తాళం తెరిచారు. సార్ కంప్యూటర్లో రిజిస్టరు మూశారు. చిన్నమ్మి తన కుర్చీలోకి వచ్చి మళ్లీ నొక్కింది. ఈసారి మిషను నోరెత్తలేదు. తెర మీద ఆకుపచ్చ గీత కొంచెం కొంచెంగా జరిగింది, మధ్యలో ఓ చోట ఆగి ఇద్దరి ప్రాణాలూ తోడేసింది, మళ్లీ జరిగింది. పదీ నలభైకి పని విజయవంతంగా పూర్తయిందని చెప్పింది. ఆ మాటని ఆమె ఇక చస్తే నమ్మదు. లోపలికెళ్లి చూసింది. ఆరేళ్ల కిందటి మొదటి బండి మొదటి సాంపిల్ ఉంది. మొన్న శనివారం సాయంత్రం ఆఖరి సంచి ఉంది. ఆంటోనియో గొడుగులు సర్దుకుని లిస్బన్ వెళ్లిపోయాడు.

హడ్మాకి అక్షరాలు రావు కానీ అంకెలు వచ్చు. ప్రింటు ముందేసుకుని వేలు పెట్టి చదువుతుంటే ఆమె ఎక్కించింది. "అరవై అయిదు పాయింటు రెండు. అరవై ఆరు పాయింటు నాలుగు... గిది సోమారం వాన దంచినప్పుడు తీసిందే బిడ్డా, జారి కింద పడబోయిన." నలభై ఒక్కటీ ఎక్కేసరికి బయట జీపు హారన్ వినబడింది.

"గా పేరు మార్చు ముందు" అన్నాడు హడ్మా లేస్తూ. "మళ్ల ఎవలన్న గొడుగులు కప్పుతరు."

పెద్ద మేడం నెరిసిన జుట్టు మనిషి, తక్కువ మాట్లాడుతుంది. గదులన్నీ చూసింది, రిజిస్టరు చూసింది. వెళ్లబోతూ గుమ్మంలో ఆగి అడిగింది. "బ్యాకప్ తీస్తున్నారా?"

"ప్రతి శనివారం మేడం" అన్నాడు పాణిగ్రాహి సార్ గబగబా.

"అన్నిచోట్లా తీస్తున్నామనే అంటారు. తీసినదాన్ని ఎప్పుడైనా వెనక్కి పెట్టి చూశారా? వస్తుందో రాదో తెలుసా మీకు? ఇది నేను చూస్తున్న ఏడో ల్యాబు. ఇంతవరకు ఒక్కరూ చూశామనలేదు."

పాణిగ్రాహి సార్ చిన్నమ్మి వంక చూశాడు. చెప్పమనీ కాదు, వద్దనీ కాదు. ఏదైనా నీ ఇష్టం అన్నట్టు చూశాడు.

"నేను చూశానండి మేడం. వస్తుంది."

"ఎప్పుడు చూశావు?"

"ఈ రోజు పొద్దున్న." అక్కడితో ఊరుకోలేదు. "పోగొట్టింది కూడా నేనే మేడం."

మొదటి నుంచీ చెప్పింది. పుస్తకం, గొడుగులు, సీడీ, తాళం, నీలం ఫైలు. పట్టుకుని వదిలేసిన తీగ సంగతి కూడా దాచలేదు. మేడం మధ్యలో ఆపలేదు. అంతా విని ఒకటే అడిగింది. "ఎన్ని పోయాయి?"

"ఒక్కటీ పోలేదండి."

మేడం కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫైలు తెరిచి, ఏదో రాసి, సంతకం పెట్టి పాణిగ్రాహి సార్ ముందుకు తోసింది. "నూరే గదికి వేరే మనిషిని చూసుకోండి. ఈ అమ్మాయి ఇక్కడే ఉంటుంది." ఆ తర్వాత చిన్నమ్మి వైపు తిరిగి, "ముందు ఆ పేరు మార్చు" అంది.

"మార్చేశానండి. మూపురం అని పెట్టాను."

ఊరి మీది ఇనుప కొండ ఎద్దు మూపురంలా ఉంటుంది, దాని అసలు పేరుకి అర్థం కూడా అదే. మేడంకి పాణిగ్రాహి సార్ హిందీలో విడమర్చి చెప్పాక ఆమె మొదటిసారి నవ్వింది. గుమ్మం పక్కన నిలబడ్డ హడ్మా అంతకంటే ముందే నవ్వేశాడు.

సాయంత్రం చిన్నమ్మి ఇంటికెళ్లేసరికి పైడయ్య రేడియో ఇంకా విప్పిన చోటే ఉంది. ముక్కలన్నీ పక్కకి నెట్టి నోటుబుక్కు తెరిచి కూర్చున్నాడు. ఎంతసేపట్నుంచి కూర్చున్నాడో తెలియదు.

"ఎన్నింటికి సేరింది?"

"పదీ నలభైకి నాన్నా."

రాసుకున్నాడు. తలెత్తకుండానే అడిగాడు. "ఎదర స్టేషనుకి?"

"సెప్పినాను. సెప్పినాకే వదిలినాను. తిట్టీసినారు."

"తిట్టరేటి మరి. ఆళ్లు తిట్టినాకే కదా మనం జెండా ఊపుతాం." పెన్ను విదిలించి, పొద్దున్న ఖాళీగా వదిలిన గడిలో పొందిగ్గా, ఒక్కో అక్షరం దిద్దుతూ, లైన్ క్లియర్ అని రాశాడు. రాసి, సిరా ఆరేదాకా ఊదాడు. అప్పుడు కళ్లజోడు తీసి కూతురి మొహంలోకి చూశాడు. పొద్దుట్నుంచీ అడగాలని ఉన్నా ఈ గడి నిండే దాకా అడగలేకపోయాడు.

"మరి నీ బండో అమ్మీ?"

"ఆగిపోనాది నాన్నా, కుర్సీ కాడే. నూరే గదికి ఇంకెల్దు."